వాణిజ్య సరళీకరణ – స్త్రీ పురుషుల ఉపాధి: పాతనగరపు అనుభవం

హైదరాబాదు పాతనగరానికి దక్షిణపు కొసన ఉన్న చాంద్రాయణగుట్ట పరిసరాలలో రెండు రకాల పనులు ఒకదానికొకటి ఎంతో దగ్గరగా సాగుతుంటాయి. అయినా వాటి మధ్య పరిచయం చాలా తక్కువ. ఒకవైపు కంచన్‌బాగ్ ఉంది. 1962లో ఢిల్లీ నుండి హైదరాబాదుకు తరలివచ్చిన రక్షణ పరిశోధన ప్రయోగశాల, 1970లో నెలకొల్పబడిన భారత్ డైనమిక్స్, 1973లో స్థాపించబడిన మిశ్రధాతు నిగమ్ ఆ ప్రాంతంలోనివే. అక్కడి ఉద్యోగికి గేటు వద్ద హాజరు పడుతుంది, నెల తిరగగానే జీతం చీటీ చేతికి వస్తుంది, భవిష్యనిధి జమ అవుతుంది. మరొకవైపు గల్లీలలోని ఇండ్లున్నాయి. ఒక ఇంట్లో కార్చోబు చట్రం మీద బిగించిన గుడ్డకు జరీ కుట్టు పడుతుంటుంది. మరొక ఇంట్లో అగరుబత్తి పుల్లలకు ముద్ద చుట్టబడుతుంటుంది. ఇంకొక ఇంట్లో లక్క గాజులకు రాళ్ళు అతకబడుతుంటాయి. ఈ పనికి గేటు లేదు, హాజరు పట్టిక లేదు, చీటీ లేదు. చేసేవారిలో అధికులు స్త్రీలు.

1991లో మన దేశం విదేశ వాణిజ్యానికి అడ్డుగా ఉన్న గోడలను తగ్గించనారంభించింది. ఆ మార్పు వలన పురుషుల ఉపాధికి ఏమి జరిగింది, స్త్రీల ఉపాధికి ఏమి జరిగింది? చీటీ ఉన్న పనికి ఏమయింది, చీటీ లేని పనికి ఏమయింది? ఈ ప్రశ్నలను దేశపు సగటు లెక్కలతో మాత్రమే పరిశీలిస్తే సగం సమాధానమే దొరుకుతుంది. చాంద్రాయణగుట్ట వంటి చోట నిలబడి చూసినపుడు మిగతా సగం కనబడుతుంది.

పదాల అర్థం

ముందుగా రెండు మూడు పదాలను స్పష్టం చేసుకోవాలి. వాణిజ్య సరళీకరణ అంటే విదేశీ సరకు మీద విధించే దిగుమతి సుంకాన్ని తగ్గించడం, ఫలానా సరకు ఇంతకు మించి రాకూడదన్న పరిమాణ నిబంధనలను తొలగించడం, లైసెన్సులను సడలించడం. 1991 జూలైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. అదే నెలలో కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించబడింది. అప్పటి ప్రధానమంత్రి తెలుగువాడైన పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్. ఆ సంవత్సరపు బడ్జెట్‌లో 150 శాతంగా నిర్ణయించిన గరిష్ఠ దిగుమతి సుంకం 1995 నాటికి 50 శాతానికి దిగింది. ఓ ఉదాహరణ ద్వారా దీనిని గ్రహించవచ్చు. 100 రూపాయల విదేశీ వస్తువు రేవులో దిగాక 150 శాతం సుంకంతో 250 రూపాయలవుతుంది. 50 శాతం సుంకంతో 150 రూపాయలే అవుతుంది. అటువంటి వస్తువునే ఇక్కడ 200 రూపాయలకు తయారుచేసేవాడు మొదటి లెక్కలో బ్రతుకుతాడు, రెండవ లెక్కలో బ్రతకలేడు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. వినియోగ వస్తువుల మీద మిగిలి ఉన్న పరిమాణ నిబంధనలను భారతదేశం 2001 ఏప్రిల్ 1 నాటికి తొలగించింది.

ఇక ఉపాధి విషయం. చట్టం గుర్తించిన, లెక్కలలో నమోదైన, సెలవు, భవిష్యనిధి, వైద్య సౌకర్యం వంటి హక్కులు గల పనిని వ్యవస్థీకృత ఉపాధి అంటారు. ఇవేవీ లేనిది అవ్యవస్థీకృత ఉపాధి. ఈ రెండవ దానికి అర్థశాస్త్రంలో ప్రత్యేకమైన పేరు రావడానికి 1970ల ఆరంభం దాకా పట్టింది. కెన్యా దేశంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1972లో వెలువరించిన నివేదిక, ఘనా రాజధాని అక్రాలోని బడుగు జీవుల గురించి కీత్ హార్ట్ 1973లో ప్రచురించిన వ్యాసం ఆ పేరును ప్రచారంలోకి తెచ్చాయి. మన దేశంలో అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 2004–05 లెక్కల ఆధారంగా శ్రామికులలో దాదాపు 92 శాతం మంది ఈ తరగతికి చెందినవారేనని తేల్చింది. అంటే కంచన్‌బాగ్ గేటు లోపలి జీవితం దేశంలో మినహాయింపు మాత్రమే. గల్లీలోని జీవితమే సాధారణం.

సిద్ధాంతం, అనుభవం

సరళీకరణను సమర్థించే ఆర్థికవేత్తల వాదన ఇలా సాగుతుంది: శ్రామికులు అధికంగా, పెట్టుబడి తక్కువగా ఉన్న దేశం వాణిజ్యద్వారాలు తెరిస్తే శ్రమ ఎక్కువగా అవసరమయ్యే పరిశ్రమలు అక్కడ పెరుగుతాయి. కుట్టుపని, అల్లిక, తోలుపని వంటి వాటికి గిరాకీ కలుగుతుంది. ఆ పనులలో స్త్రీలు అధికం గనుక వారికి కూలీ, గౌరవం రెండూ పెరుగుతాయి.

ఈ వాదన పూర్తిగా అసత్యం కాదు. బంగ్లాదేశ్‌లో 1970ల చివర మొదలైన ఎగుమతి దుస్తుల పరిశ్రమ లక్షలాది ముస్లిం స్త్రీలను ఇండ్ల నుండి కర్మాగారాలకు తీసుకువచ్చింది. అయితే కర్మాగారపు పైకప్పు ఒక్కటే రక్షణ ఇవ్వదని 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించినపుడు లోకానికి తెలిసివచ్చింది.

బ్రెజిల్ అనుభవం మరో విధంగా ఉంది. 1990ల ఆరంభంలో ఆ దేశం సుంకాలను వేగంగా తగ్గించింది. ఇసిస్ గడ్డిస్, యానెకె పీటర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సుంకాల కోత ఎక్కువగా తగిలిన ప్రాంతాలలో పురుషుల ఉపాధీ తగ్గింది, స్త్రీల ఉపాధీ తగ్గింది. పురుషులది మరింతగా తగ్గింది. దాంతో స్త్రీ పురుషుల మధ్య అంతరం కాగితం మీద సన్నగిల్లింది. స్త్రీ పైకి రావడం వలన గాక, పురుషుడు క్రిందికి దిగడం వలన ఆ అంతరం తగ్గింది. సమానత్వాన్ని అంకెలతో కొలిచేవారు ఈ సంగతిని మరువరాదు.

మన దేశానికి సంబంధించి పెటియా తొపాలోవా 2010లో వెలువరించిన పరిశోధన కూడా గమనించదగినది. సుంకాల తగ్గింపు ప్రభావానికి ఎక్కువగా గురైన గ్రామీణ జిల్లాలలో పేదరికం ఇతర జిల్లాలతో పోల్చితే నెమ్మదిగా తగ్గిందని ఆమె చూపారు. ఒకచోట పని పోయినవారు పని ఉన్న మరోచోటికి సులభంగా తరలిపోలేకపోవడమే దీనికి ప్రధాన కారణమని వివరించారు. సిద్ధాంతం మనిషిని నీరు వంటివాడిగా భావిస్తుంది; పల్లమున్న వైపు తనంతట తానే పారుతాడనుకుంటుంది. కాని మనిషికి ఇల్లు, భాష, బంధుత్వం, అప్పు ఉన్నాయి. పాతనగరంలో జరిగినది అర్థం కావాలంటే ఈ మాట జ్ఞాపకముంచుకోవాలి.

1991కి ముందే తగిలిన దెబ్బలు

పాతనగరపు నిరుద్యోగానికంతటికీ సరళీకరణే కారణమని చెప్పడం న్యాయం కాదు. ఇక్కడి పురుషుల నమోదిత ఉపాధి అంతకు నలభై ఏళ్ళ ముందే కుప్పకూలింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. నిజాం సైన్యం, సర్ఫెఖాస్, జాగీర్దారీ కొలువుల మీద ఆధారపడిన వేలాది కుటుంబాలు నెల జీతాన్ని కోల్పోయాయి. చాంద్రాయణగుట్ట ప్రక్కనే ఉన్న బార్కస్ ఇందుకు తార్కాణం. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల బారకాసులే ఆ పేటకు పేరునిచ్చాయి. సైన్యం పోయింది, పేరు మిగిలింది.

1970లలో గల్ఫ్ దేశాలలో చమురు సంపద పెరిగాక పాతనగరపు పురుషులకు మరో దారి దొరికింది. డ్రైవర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, మేస్త్రీలుగా వేలమంది జిద్దా, రియాద్, దుబాయి, కువైట్‌లకు వెళ్ళారు. సరకు కోసం తలుపులు తెరవబడకముందే మనుషులు గడప దాటారన్నమాట. ఆ సంపాదనతో ఇండ్లు లేచాయి, పెండ్లిండ్లు జరిగాయి. కాని అది కూడా ఒప్పందం ఉన్నంతకాలపు ఉపాధి మాత్రమే. సౌదీ ప్రభుత్వం 2011లో స్వదేశీయులకు ప్రాధాన్యమిచ్చే నితాఖాత్ విధానాన్ని ప్రవేశపెట్టినపుడు, 2017లో కుటుంబ సభ్యుల మీద నెలవారీ రుసుము విధించినపుడు ఆ ప్రభావం ఇక్కడి వంటింటి దాకా వచ్చింది.

పురుషుల పని: చీటీ పోయింది, పని మిగిలింది

1991 తరువాత రాష్ట్రంలోని పాత కర్మాగారాలు ఒక్కొక్కటిగా నీరసించాయి. సనత్‌నగర్‌లోని ఆల్విన్ ఒకప్పుడు బస్సులు, రిఫ్రిజిరేటర్లు, గడియారాలు తయారుచేసిన ఘనత గలది; 1990లలో అది చెదిరిపోయి, రిఫ్రిజిరేటర్ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. బాలానగర్‌లో మందుల యూనిట్ గల ఐ.డి.పి.ఎల్. సంస్థ 1992లో ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్ళింది. 1934లో ఆరంభమైన వరంగల్ ఆజంజాహీ మిల్లు 2002లో మూతబడింది. వీటి పతనానికి అసమర్థ నిర్వహణ, పాత యంత్రాలు, అప్పులు కూడా కారణాలే. విదేశీ పోటీ అప్పటికే ఒరిగిన గోడను నెట్టింది.

అదే కాలంలో కొత్త వ్యవస్థీకృత ఉపాధి పుట్టలేదా? పుట్టింది. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమయింది. కాని అది నగరానికి పశ్చిమాన, ఆంగ్లం వచ్చిన పట్టభద్రుల కోసం ఏర్పడింది. ఉర్దూ మాధ్యమంలో పదవ తరగతి వద్దనే చదువు ఆగిపోయిన యువకునికి అది హద్రమౌత్ కంటె దూరం. అతడు ఆటో నడిపాడు, వెల్డింగు చేశాడు, రంగులు వేశాడు, దిగుమతైన సెల్‌ఫోన్లకు మరమ్మతు చేశాడు. నిజానికి చౌకగా వచ్చిన విదేశీ సరకు అనేకమంది పురుషులకు అమ్మకంలోను, మరమ్మతులోను పని కల్పించింది. ఆ పనిలో ఆదాయం ఉంది, భవిష్యనిధి లేదు. పురుషుడు నమోదిత పని నుండి నమోదు కాని పనికి మారాడు. అయినా అతని పని వీధిలో ఉంటుంది, నలుగురికీ కనబడుతుంది. ఒక ఠేకేదారు తక్కువ ఇస్తే మరొకని దగ్గరకు వెళ్ళగలడు.

స్త్రీల పని: అగరుబత్తి చెప్పే పాఠం

స్త్రీ పరిస్థితి వేరు. భర్త జీతం నిలకడ తప్పినపుడు ఇంట్లో లోటును పూడ్చే బాధ్యత ఆమె మీద పడింది. పర్దా ఆచారం, చిన్నపిల్లలు, బస్సు సౌకర్యం లేని గల్లీలు, ఇంటికి దూరంగా ఉన్న కర్మాగారాలు – వీటన్నిటి మధ్య ఆమెకు అందిన పని ఇంటి గుమ్మం వద్దకు వచ్చిన పనే. దుస్తుల ఎగుమతి కోసం గుండ్లపోచంపల్లిలో పార్కు ఏర్పడింది. అది నగరానికి ఉత్తరాన ఉంది, చాంద్రాయణగుట్ట దక్షిణాన ఉంది. ఈ రెంటి నడుమ రోజూ వెళ్ళిరావడం పసిబిడ్డ తల్లికి అయ్యే పని కాదు.

ఇంటి పని ప్రపంచ వాణిజ్యానికి ఎలా ముడిపడి ఉన్నదో అగరుబత్తి ద్వారా గ్రహించవచ్చు. ఠేకేదారు బొగ్గుపొడి, జిగురుపొడి, వెదురు పుల్లలు తెచ్చి ఇంట్లో వేస్తాడు. స్త్రీ ఆ పొడులను నీటితో కలిపి ముద్ద చేసి, పీట మీద పుల్లకు చుట్టి, ఆరబెట్టి, కట్టలు కట్టి అప్పగిస్తుంది. వెయ్యి పుల్లలకు ఇంత అని కూలీ. విరిగినవి, వంకరపోయినవి లెక్కలోంచి తీసివేయబడతాయి. ఆ పుల్లకు సుగంధం అద్ది, పెట్టెలో పెట్టి, పేరు వేసి అమ్మే వ్యాపారి ఎవరో ఆమెకు తెలియదు.

ఆగ్నేయాసియా దేశాలతో భారతదేశం కుదుర్చుకున్న ఒప్పందం 2010 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. క్రమంగా వియత్నాం నుండి యంత్రాలతో చుట్టిన పచ్చి బత్తి చౌకగా దిగుమతి కాసాగింది. వ్యాపారికి అది లాభం. వినియోగదారునికి నష్టం లేదు. గల్లీలోని స్త్రీ మాత్రం ఠేకేదారు రాకపోవడం చూసింది. కారణం ఆమెకెవరూ చెప్పలేదు. ఉద్యోగం పోయిందని ఏ పట్టికలోనూ నమోదు కాలేదు, ఎందుకంటే ఆమె ఉద్యోగం చేస్తున్నదనే ఎక్కడా నమోదు కాలేదు.

2019 ఆగస్టు 31న కేంద్ర ప్రభుత్వం అగరుబత్తి దిగుమతిపై ఆంక్షలు విధించింది. 2020 జూన్‌లో వెదురు పుల్లల మీద సుంకాన్ని 10 శాతం నుండి 25 శాతానికి పెంచింది. ఈ రెండు చర్యల ఫలితం ఒక్కటే కాదన్నది గమనించాలి. తయారైన బత్తి మీద అడ్డు ఇక్కడి తయారీదారుకు మేలు చేస్తుంది. ముడిసరకైన పుల్ల మీద సుంకం ఈశాన్య రాష్ట్రాలలో వెదురు చీల్చేవారికి మేలు చేస్తుంది గాని, పుల్ల కొనే తయారీదారు ఖర్చును పెంచుతుంది. ఆ పెరిగిన ఖర్చును అందరికంటె బలహీనమైన చోట, అంటే చుట్టే కూలీలో తగ్గించుకునే వీలుంది. పైగా తలుపు మళ్ళీ మూసినంత మాత్రాన పాత పని పాత చేతులకు తిరిగి రాదు. 2020లోనే ఖాదీ కమిషన్ ద్వారా మొదలైన ప్రభుత్వ పథకం కూడా బత్తి చుట్టే యంత్రాలను పంచేదే. యంత్రం పెట్టుకోవడానికి స్థలం, కరెంటు, పూచీకత్తు ఉన్నవారికి అది వరం. ఒక్క గదిలో ఆరుగురు నివసించే ఇంటికి యంత్రం ఎలా వస్తుంది?

జరీ పనిలో మరో విధమైన మార్పు కనబడుతుంది. రూపాయి విలువ తగ్గినపుడు ఎగుమతిదారులకు మేలు జరిగింది, ఆర్డర్లు వచ్చాయి. కాని పెద్ద కార్ఖానా నిర్వహించే బదులు పనిని ముక్కలు చేసి ఇండ్లకు పంచడం వారికి చౌక. ఎగుమతిదారు, కార్ఖానాదారు, ఏజెంటు, చివర స్త్రీ – ఇదీ వరుస. అంతలో కంప్యూటరు ఎంబ్రాయిడరీ యంత్రాలు వచ్చి సాదా పనిని పట్టుకుపోయాయి. కార్చోబు వద్ద కూర్చునే పురుష కారీగర్లు చాలామంది వేరే పనులకు పోయారు. మిగిలిన పని ఇంటి స్త్రీల చేతికి తక్కువ కూలీకి వచ్చింది. లెక్కలలో దీనిని స్త్రీల ఉపాధి పెరిగినట్లుగా వ్రాయవచ్చు. కాని పురుషుడు వదిలిన పనిని అతనికంటె తక్కువ కూలీకి చేయడాన్ని అభివృద్ధి అనగలమా?

సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో ఈ సంగతికి దేశవ్యాప్త సాక్ష్యం ఉంది. ముస్లిం స్త్రీ శ్రామికులలో 70 శాతం మంది తమ ఇండ్లలోనే పనిచేస్తున్నారు. మొత్తం శ్రామికులలో ఆ సంఖ్య 51 శాతం.

షరీఅత్ వెలుగులో

ఇక్కడ ఓ ప్రశ్న ఉదయిస్తుంది. ఇంట్లో కూర్చుని పనిచేసే స్త్రీ స్వతంత్ర వ్యాపారి అవుతుందా, లేక శ్రామికురాలా? ఠేకేదారు మొదటి మాటనే అంటాడు. ఎందుకంటే శ్రామికురాలు కాకపోతే ఆమెకు హక్కులుండవు.

హనఫీ ఫిఖహ్ దీనికి స్పష్టమైన గీటురాయి ఇచ్చింది. తయారుచేసే వ్యక్తి తన సొంత ముడిసరకుతో వస్తువు చేసి ఇస్తే అది ఇస్తిస్నా, అంటే తయారీ ఒప్పందం. ముడిసరకు పని ఇచ్చినవాడిదైతే అది ఇజారా, అంటే కూలీ ఒప్పందం. పొడి, పుల్ల, గుడ్డ, జరీ, రాళ్ళు ఠేకేదారువే గనుక ఆ స్త్రీ నిస్సందేహంగా శ్రామికురాలు. ఇజారా సక్రమం కావాలంటే పని ఏమిటో, కూలీ ఎంతో ముందే తెలిసి ఉండాలి. సరకు అప్పగించాక, విరిగినవి తీసివేశాక కూలీ తేల్చే పద్ధతి ఈ షరతుకు నిలవదు. చెమట ఆరకముందే కూలీ చెల్లించాలన్న ప్రవక్త బోధ పాఠకులకు సుపరిచితమే. ఎంత చెల్లించాలో ముందుగా చెప్పడం అంతకంటె మొదటి మెట్టు.

మరో ఆదేశం కూడా ఈ సందర్భానికి చక్కగా వర్తిస్తుంది. పల్లెవాసులు సరకుతో బజారుకు వస్తుండగా దారిలోనే ఎదురేగి కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. బజారు ధర తెలియనివాడు మోసపోతాడన్నది అందుకు ఫుఖహాలు చెప్పిన కారణం. అలా అమ్మినవాడు బజారుకు చేరాక నిజం తెలుసుకుంటే ఒప్పందాన్ని రద్దుచేసుకునే హక్కు కూడా అతనికి ఇవ్వబడింది. గల్లీలోని స్త్రీ బజారుకు ఎన్నడూ చేరదు. దారిలో ఎదురేగినవాడే ఆమెకు బజారు. ప్రపంచ విపణి ఎంత విశాలమైనా, ఆమె వరకు అది ఒక్క ఠేకేదారు నోటిమాట.

స్త్రీ సంపాదన విషయంలో ఇస్లాం వైఖరి తెలిసినదే. పురుషుల సంపాదనలో పురుషులకు, స్త్రీల సంపాదనలో స్త్రీలకు వాటా ఉందని అన్నిసా సూరా 32వ ఆయతు భావం. హజ్రత్ ఖదీజా (రజి) తన సరకును ఇతరుల ద్వారా సిరియాకు పంపి వ్యాపారం చేయించారు. ఇల్లు కదలకుండానే దూరదేశపు వాణిజ్యంలో పాల్గొనడం స్త్రీకి కొత్త కాదు. తేడా ఏమిటంటే, ఆమె పెట్టుబడికి, లాభానికి యజమానురాలు. ధర తెలిసిన మనిషి.

బీడీ పరిశ్రమ చూపిన దారి

ఇంటి పని ఎప్పటికీ నమోదు కానిదేనా? కాదనడానికి తెలంగాణలోనే ఋజువు ఉంది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలు కూడా ఇండ్లలోనే పనిచేస్తారు. ఆకు, తంబాకు ఇచ్చేది యజమానే. అయినా 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమనిధి చట్టం వచ్చాయి. 1977లో భవిష్యనిధి వారికి వర్తింపజేయబడింది. ఇంటివద్ద చుట్టేవారు మా ఉద్యోగులు కారని యజమానులు వాదించగా, 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చింది. ముడిసరకు యజమానిది, బాగోగులు చూసి తిరస్కరించే అధికారం యజమానిది, కాబట్టి ఆమె ఉద్యోగి అని తేల్చింది. ఫుఖహాలు చూపిన గీటురాయికి, ఈ తీర్పుకు ఎంత సామీప్యం ఉన్నదో పాఠకులు గమనించగలరు. తరువాత తెలంగాణ ప్రభుత్వం ఆసరా పింఛన్లలో బీడీ కార్మికులను చేర్చినపుడు ఆ భవిష్యనిధి నమోదే వారికి ఆధారమయింది. బీడీ పొగ ఆరోగ్యానికి హానికరమే. ఆ వృత్తి పెరగాలని ఎవరూ కోరరు. కాని ఆ కార్మికురాలి చేతిలోని గుర్తింపు కార్డు ఒక సంగతిని నిరూపించింది: పనిని వ్యవస్థీకృతం చేసేది కర్మాగారపు గోడ గాక, నమోదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి శ్రామికుల కోసం 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని ధృవీకరించలేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇంటివద్ద పనిచేసేవారికి చట్టపరమైన నిర్వచనం ఇచ్చింది. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్ నమోదు వారికీ వర్తిస్తుంది. ఈ నమోదు శ్రామికురాలి పేరును చూపుతుంది గాని, యజమాని పేరును చూపదు. కనుక ఒక చిన్న కూలీ పుస్తకం కూడా అవసరం. ఏ తేదీన ఎంత ముడిసరకు వచ్చింది, ఏ రేటున, ఎంత తిరిగి వెళ్ళింది, ఎంత ముట్టింది, ఎవరి ద్వారా అనే ఐదు అంశాలు అందులో ఉంటే చాలు. అహ్మదాబాదులో 1972లో ఏర్పడిన స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ నిరక్షరాస్యులైన స్త్రీలను సంఘటితపరచి చూపింది. గల్లీలోని పది ఇండ్లు తమ రేట్లను ఒకరికొకరు చెప్పుకుంటే అదే వారికి మొదటి బజారు అవుతుంది. మస్జిదు కమిటీలు, మదర్సాలు, చదువుకున్న ఆడపిల్లలు ఈ పుస్తకం వ్రాసిపెట్టడంలో సాయపడగలరు. అప్పులు, లావాదేవీలు వ్రాసిపెట్టుకోవాలని దివ్య ఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయతు ఆదేశిస్తున్నది గదా.

సుంకాలు మరల తగ్గవచ్చు, పెరగవచ్చు. ఆ నిర్ణయాలు ఢిల్లీలోను, జెనీవాలోను జరుగుతాయి. చాంద్రాయణగుట్టను అడిగి జరగవు. కాని ఒక నిర్ణయం వలన ఎవరి పని పోయిందో చెప్పాలంటే ముందు ఆ పని ఉన్నట్లు వ్రాసి ఉండాలి. కంచన్‌బాగ్ ఉద్యోగికి ఆ సాక్ష్యం అతని జీతం చీటీ. గల్లీలోని స్త్రీకి అటువంటి చీటీ ఇప్పించడం ఆమె పనిని వాడుకునే ప్రతి వ్యాపారి మీద, ఆమె ప్రక్కన నివసించే ప్రతి చదువరి మీద ఉన్న బాధ్యత.